టెంపరేచర్ గన్ ఉన్న ఇంట్లో పని ఉండదు

2020లో మాల్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను మన మణికట్టుకు టెంపరేచర్ గన్ గురిపెట్టి, 94 అని చూసి, "వెళ్లండి సార్" అన్న రోజులు గుర్తున్నాయి కదా. ఒంట్లో 94 ఉన్న మనిషిని మాల్‌కి కాదు, ఆసుపత్రికి పంపాలి. అయినా ఎవరూ ఏమీ అడగలేదు. అంకె కనిపించింది, తలుపు తెరుచుకుంది. ఈ పరికరం గొప్పతనమంతా అక్కడే ఉంది. ఇంటికి పనికొస్తుందా, ఎవరికైనా బహుమతిగా ఇవ్వొచ్చా అని అడిగేవాళ్లకు నా సలహా ఒకటే. వెంటనే కొనండి, ధారాళంగా ఇవ్వండి. వాడకం మాత్రం ఇలా ఉండాలి.

1. తప్పు గన్ కొనండి.

షాపులో రెండు రకాలుంటాయి. నుదుటికి పెట్టేది 32 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా మాత్రమే చూస్తుంది, తేడా 0.2, 0.3 డిగ్రీలు మించదు. మెకానిక్‌లు వాడే ఇండస్ట్రియల్ గన్ మైనస్ 50 నుంచి 380 దాకా చూస్తుంది, రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా దానికి లెక్క లేదు. మీరు ఈ రెండోదే తీసుకోండి. పొయ్యికీ ఏసీకీ పిల్లలకూ ఒక్కటే సరిపోతుంది. మనుషుల జ్వరం చూడటానికి వాడొద్దని పెట్టె మీద ఉన్న స్టిక్కర్‌ని ఇంటికి చేరేలోపే గోటితో గీకేయండి.

రెండు డిగ్రీల సెల్సియస్ అంటే ఫారెన్‌హీట్‌లో మూడున్నర పైచిలుకు. పైగా నుదుటి గన్ చర్మం మీది వేడికి కొంత కలిపి ఒంటి లోపలి వేడిగా మార్చి చూపిస్తుంది. ఇండస్ట్రియల్ గన్‌కి ఆ గొడవ లేదు, చర్మం ఎంతుంటే అంతే చెబుతుంది. అందుకని మీ ఇంట్లో ఇక ఎవరికీ జ్వరం రాదు. అర్ధరాత్రి మీ ఆవిడ "ఏమండీ, పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది" అంటుంది. లేవకండి. దిండు కింద నుంచి గన్ తీసి పడుకునే నొక్కండి. 96.3. స్క్రీన్ ఆమె వైపు తిప్పండి. తల్లి చెయ్యి ఎంత చెప్పినా పాయింటు తర్వాత అంకె చెప్పలేదు కదా. డాక్టరు, బండి, మందుల షాపు అన్నీ తప్పాయి. పొద్దున్నే పిల్లాణ్ని స్కూలుకి పంపేయండి. పదకొండింటికి అక్కణ్నుంచి ఫోన్ వస్తుంది. అప్పటికి మీరు మీటింగులో ఉంటారు.

2. సెలవుకి మాత్రం నుదుటి గన్ వాడండి.

పక్కింటివాళ్లది అడగండి, తిరిగివ్వకండి. దాన్ని బాడీ మోడ్‌లో పెట్టి, చల్లారిన టీ గ్లాసుకి గురిపెట్టండి. వేడి టీకి పెడితే గన్ హద్దు దాటి అంకె ఇవ్వడం మానేస్తుంది, కాబట్టి ఓపిక పట్టండి. జీవితంలో ఓపిక పట్టాల్సిన చోటు ఇదొక్కటే. 101.4 దగ్గర ఆపండి. 99 అంటే మేనేజరు ల్యాప్‌టాప్ తెరవమంటాడు. 104 అంటే ఆఫీసు మొత్తం బత్తాయిలు పట్టుకుని ఇంటికొస్తుంది. ఫొటోలో దుప్పటి పడాలి, టీ గ్లాసు పడకూడదు.

చాలా గన్‌లు పాత రీడింగులు దాచుకుంటాయి. మంచి జ్వరం ఒకటి దొరికాక దాన్ని చెరపకండి. సంక్రాంతికి ఇంకో రెండు రోజులు కలుపుకోవాలన్నా, క్లోజింగ్ వారం తప్పించుకోవాలన్నా మళ్లీ టీ కాచే పనే ఉండదు. అదే 101.4ని ఏడాదికి నాలుగుసార్లు పంపినా ఎవరూ పోల్చి చూడరు. హెచ్ఆర్ వాళ్లు మాత్రం పోలుస్తారు, కానీ వాళ్లు చెప్పేది అప్రైజల్ రోజునే.

3. పాలు చూస్తూ ఉండమంటే స్టీలు గిన్నెకి గురిపెట్టండి.

ఇది నాకు బాగా ఇష్టమైన చిట్కా, కాస్త వివరంగా చెబుతాను. తళతళలాడే స్టీలు తన వేడిని గన్ కొలిచే పరారుణ కిరణాలుగా చాలా తక్కువ వదులుతుంది. చుట్టూ ఉన్న గోడల వేడిని అద్దంలా తిప్పి కొడుతుంది. మామూలు గన్‌లు మాత్రం ఎదుటి వస్తువు వదలగలిగిన కిరణాల్లో నూటికి 95 వంతులు వదులుతుందనే లెక్కతో తయారవుతాయి. కాబట్టి లోపల పాలు కుతకుతలాడుతున్నా గిన్నె బయటివైపు 43 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది.

గిన్నె పక్కన నిలబడి ఒక్కసారి నొక్కండి, 43 చూసుకోండి, హాల్లోకి వెళ్లి ఫోన్ పట్టుకోండి. మీగడ ముడతలు పడి, అంచున చిన్న బుడగలు లేచి, తెల్లటి నురగ గిన్నె మూతి దాటి, బర్నర్ మీద చుయ్యిమని, మాడు వాసన మీ దాకా వస్తుంది. లేవకండి. మీ ఆవిడ వంటింట్లోకి పరిగెడుతుంది. "నలభై మూడే ఉందే!" అనండి. మళ్లీ నొక్కి చూపించండి, ఇంకా 43 దగ్గరే ఉంటుంది. ఇంత నమ్మకమైన సాక్షి బంధువుల్లో కూడా దొరకడు.

జాగ్రత్తలు రెండు. పాల పైభాగానికి గురిపెట్టకండి, అది దాదాపు నిజం చెప్పేస్తుంది. గిన్నెకి నల్ల టేపు ముక్క అంటిస్తే సరైన అంకె వస్తుందని ఎవరైనా తెలివైనవాళ్లు చెబితే మాట మార్చండి. మసిబారిన గిన్నె కూడా ప్రమాదమే. చింతపండు వేసి తోమించండి, తోమేది మీరు కాదు కనక శ్రమ లేదు.

పెరుగు తోడు పెట్టడం కూడా ఇదే పద్ధతిలో. పాలు గోరువెచ్చగా, 40 నుంచి 45 మధ్య ఉంటే బాగా తోడుకుంటాయని అత్తగారు వేలు ముంచి చెబుతారు. మీరు "వేలేంటండీ అత్తయ్యగారూ, ఇప్పుడు మిషన్లొచ్చాయి" అని గిన్నె బయట 43 చూసి, పొగలు కక్కుతున్న పాలల్లో తోడు వేసేయండి. తోడులోని సూక్ష్మజీవులు ఉడికిపోతాయి. పొద్దున విరిగిన నీళ్లు కనిపిస్తాయి. తోడు మంచిది కాదనండి. ఆ తోడు అత్తగారిదే. ఇక ఆ పని మీకెప్పటికీ చెప్పరు, భోజనాల దగ్గర పలకరింపులు కూడా తగ్గుతాయి, ప్రశాంతంగా తినొచ్చు.

4. సోఫా దిగకండి.

1800లో విలియం హెర్షెల్ పట్టకంతో ఎండని రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చోట థర్మామీటర్ పెట్టి, కంటికి కనపడని ఆ కిరణాల్లో వేడి ఉందని కనిపెట్టాడు. అంత పెద్దాయన అంత కష్టపడింది మనం కూర్చున్న చోటే కూర్చోవడానికి. గన్ మీద 12:1 అని ఉంటే పన్నెండు అడుగుల దూరం నుంచి అది ఒక అడుగు వెడల్పు మేర వేడిని కలిపి చూస్తుందని అర్థం. ఎర్ర చుక్క గురి చూపడానికే, కొలిచేది అది కాదు. కాబట్టి హాలు ఈ చివర నుంచి ఏసీకి కొడితే గోడ వేడి కూడా కలిసి 27 వస్తుంది. గ్యాస్ అయిపోయిందని మెకానిక్‌ని పిలవండి. అతను మీ అంకెని గౌరవిస్తాడు, గ్యాస్ నింపినట్టు బిల్లు కూడా రాస్తాడు.

5. బహుమతిగా ఇవ్వండి.

గృహప్రవేశానికి తోడల్లుడికి ఇవ్వాలంటే కరోనా నాటిది చాలు. అప్పటి పెట్టె మీది ఎమ్మార్పీ ఇప్పటి ధర కన్నా బాగా ఎక్కువ, ఆ వైపు పైకి కనబడేలా చుట్టండి. బ్యాటరీలు తీసేసి మీ టీవీ రిమోట్‌లో వేసుకోండి.

అసలు లాభం ఊళ్లో ఒంటరిగా ఉన్న నాన్నగారికి ఇవ్వడంలో ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా ఒక్క గన్ పంపితే పండక్కి వెళ్లే పని తప్పుతుంది. "రోజూ పొద్దున్నే నుదురు చూసుకుని వాట్సాప్‌లో పెట్టండి నాన్నా, నాకు ధైర్యంగా ఉంటుంది" అనండి. ఫ్యాన్ కింద కూర్చుని, చెమట తుడవకుండా చూసుకోమనండి. గాలికీ చెమటకీ చర్మం చల్లబడి అంకె ఎప్పుడూ కిందే ఉంటుంది. 97.1 వస్తే బొటనవేలు గుర్తు పెట్టండి. 96.8కీ అదే. నీరసంగా ఉందిరా అని ఆయన రాస్తే అంకె ఎంతుందో అడగండి. నీరసానికి అంకె ఉండదు కనక సంభాషణ అక్కడితో అయిపోతుంది.

ఒకరోజు ఆయన "అంకె రావట్లేదురా, లో అని వస్తోంది" అంటారు. బ్యాటరీ అయిపోయిందో, నుదురు 32 కన్నా చల్లబడిందో మీరు తేల్చక్కర్లేదు. "లో అంటే జ్వరం తక్కువని నాన్నా, చాలా మంచిది" అని చెప్పి, బొటనవేలు పెట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోండి.