ముద్రల మావయ్య

ప్రతి మండల కేంద్రంలోనూ ఒకడుంటాడు. ఉద్యోగి కాడు, కానీ అటెండరు వచ్చి తాళం తీసేసరికి ఆఫీసు అరుగు మీద ఉంటాడు. బ్రోకరు కాడు, ఎవరి దగ్గరా టీ తప్ప పైసా పుచ్చుకోడు. ప్లీడరు కాడు, కానీ కాగితం చేతిలోకి తీసుకుని "ఇది సెల్లదు" అన్నాడంటే మనకి కాళ్లాడవు. మా రావికమతంలో ఆ ఒక్కడూ ముద్రల మావయ్య. అసలు పేరు రేషన్ కార్డులో ఒకలాగా ఆధార్‌లో ఇంకోలాగా ఉంది. ఏది ఖాయమో తేలేదాకా ఊరంతా మావయ్యా అనే పిలుస్తోంది, ఆయన కంటే పెద్దవాళ్లతో సహా. ఊళ్లో అందరి పేర్లూ దిద్దించిన మనిషివి, నీది దిద్దించుకోవేం అని అడిగితే "వైద్యుడు తన కషాయం తను తాగుతాడేటి?" అంటాడు.

చంకలో ఎప్పుడూ ఒక జిప్పు ఫైలుంటుంది. అందులో స్టేప్లరు, జిగురు, స్కూలు పిల్లల అడుగు స్కేలు, ఎవరివో తెలియని పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక ఆకుపచ్చ సిరా పెన్నూ ఉంటాయి. ఆ పెన్నుతో ఆయన ఒక్క అక్షరం రాయడు. గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టబోయే వేళకి ఆయన పెన్ను మొరాయిస్తే అందించడానికి. గుడికి వెళ్లేవాడు అగ్గిపెట్టె కూడా జేబులో వేసుకెళ్లినట్టు.

ముద్రల మీద ఆయనకొక శాస్త్రం ఉంది. "గుండ్రటి సీలు ఆఫీసుది, పొడుగు సీలు మనిషిది. మనిషి బదిలీ అయిపోతాడు, ఆఫీసు ఉంటాది. అంచేత గుండ్రటిది లేని పొడుగుది అనాథ." సీలు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. మొత్తం ఫొటో మీదే పడితే మొహం పోతుంది, మొత్తం కాగితం మీదే పడితే మనిషి పోతాడు. 2014 ప్రాంతంలో గెజిటెడ్ సంతకం అక్కర్లేదు, ఎవరి కాగితాల మీద వాళ్లే సంతకం పెట్టుకుంటే చాలని కేంద్రం చెప్పిందట. ఆ కబురు విన్న రోజు మావయ్య మధ్యాహ్నం భోజనం చెయ్యలేదని అత్తయ్య చెబుతుంది. "నేను నిజమేనని నేనే సెప్పుకుంటే ఇంకేటి మిగిలింది?" అన్నాడట.

ఇలాంటి మనిషి చేతికి మా మేనల్లుడి ఫైలు చిక్కింది.

కుర్రాడికి బార్సిలోనాలో ఎమ్మెస్ సీటొచ్చింది. స్పెయిన్ వాళ్ల వీసా జాబితాలో బ్యాంకు కాగితాలు, వైద్య పరీక్షల తర్వాత ఒక వరస ఉంది: పీసీసీ తేవాలి, దానికి అపోస్టిల్ చేయించాలి, ఆ మొత్తాన్ని స్పానిష్‌లోకి తర్జుమా చేయించాలి. టీకొట్లో ఇది చదివి వినిపిస్తే బల్ల మీదున్న ఒకాయన "పీసీసీ అంటే కాంగ్రెసు ఆఫీసు కదేటి? దానికీ చదువుకీ ఏటి సంబంధం?" అని నిజంగానే అడిగాడు. మావయ్య గ్లాసు కింద పెట్టి, "పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. కుర్రోడి మీద కేసుల్లేవని. ఇందులో ఏటుంది? ఏ ఊరి మంచి ఆ ఊరి స్టేషన్లోనే దొరుకుద్ది" అని లేచాడు.

దొరకలేదు. విదేశానికైతే అది పాస్‌పోర్టు ఆఫీసు ఇవ్వాల్సిన కాగితమని స్టేషన్లో మర్యాదగా చెప్పి పంపారు. చదువుకో, ఉద్యోగానికో, అక్కడే ఉండిపోవడానికో వెళ్లేవాళ్లకి ఇస్తారు గానీ చూసొస్తామనేవాళ్లకి, అంటే టూరిస్టు వీసాకి, ఇవ్వరు. ఫీజు 500. దరఖాస్తు ఆన్‌లైన్‌లో. ఆ ఆన్‌లైన్ అన్న మాట మావయ్యకి గిట్టదు, తెర మీద సీలు తడి ఆరదంటాడు. అయినా కుర్రాడితో పాటు విశాఖపట్నం బస్సెక్కాడు. బీఎన్ రోడ్డు మీద గొయ్యి వచ్చినప్పుడల్లా ఫైలుని చంటిపిల్లాణ్ని ఎత్తినట్టు ఒళ్లో పైకెత్తి పట్టుకున్నాడట. భీమిలి నుంచి నర్సీపట్నం దాకా ఆ రోడ్డు తెలిసినవాళ్లకి, ఆయన చేతులు ఎంత నొప్పెట్టుంటాయో నేను చెప్పక్కర్లేదు.

అక్కడో చిక్కు. పాస్‌పోర్టులో మా ఊరు విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది అనకాపల్లి జిల్లా. ఎంక్వయిరీ ఏ ఎస్పీ గారి దగ్గరికి వెళ్తుందన్నది కుర్రాడి భయం. మావయ్యకి మాత్రం ఇది పండగ. "ఊరు కదల్లేదు, జిల్లా కదిలింది. దానికి జీవో ఉంది" అని ఫైల్లోంచి జిరాక్సు తీసి చూపించబోతే కౌంటర్లో అమ్మాయి, కంప్యూటర్లో అన్నీ ఉన్నాయండీ అంది. ఉన్నాయి కూడా. జీవో మళ్లీ ఫైల్లోకి పోయింది. తిరుగు బస్సులో మావయ్య పెద్దగా మాట్లాడలేదట.

వారం తిరక్కుండా ఎంక్వయిరీకి కానిస్టేబులు వచ్చాడు. కుర్రాడి ఇల్లు చూశాడు, కాగితాలు చూశాడు, ఇరుగుపొరుగుని ఒక మాట అడగాలన్నాడు. అడగాల్సిన మనిషి అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.

"ఏటి మావయ్యా, కుర్రోడెలాంటోడు?"

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మా వైపు జీడితోటలు ఎక్కువ. వేసవిలో పిల్లల చేతికి డబ్బు ఆడేది జీడిపిక్కల వల్లే. ఏడో తరగతి వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ఎవరి తోటలోనో దూరి, చొక్కా విప్పి మూటకట్టినన్ని పిక్కలు ఏరుకుపోయి కొట్లో అమ్మేసి, ఐస్‌ఫ్రూట్లు తిన్నాడు. జీడి రసం అంటి వారం రోజులు మూతి పొక్కింది. ఆ మూతి సాక్ష్యంతోనే దొరికిపోయాడు. ఆ తోట ముద్రల మావయ్యది.

కానిస్టేబులు ప్రశ్న విని మావయ్య వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచాడు. గుమ్మంలో మా అక్క ఊపిరి బిగబట్టింది. కుర్రాడి చెయ్యి వాడికి తెలియకుండానే మూతి మీదికి వెళ్లింది. అంత జ్ఞాపకం, అంత ధర్మసంకటం ఒకేసారి ఆ మొహంలో నేనెన్నడూ చూడలేదు. చివరికి కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మాటా తూచినట్టు అన్నాడు: "రాతపూర్వకంగా ఏ ఫిర్యాదూ లేదు."

కానిస్టేబులు రాసుకుని వెళ్లిపోయాడు. తర్వాత నేనడిగితే, "అప్పుడే రాద్దామనుకున్నాను. స్టాంపు ప్యాడు ఎండిపోనాది" అన్నాడు.

సర్టిఫికెట్ వచ్చింది. మావయ్య దాన్ని టీకొట్టు వెలుగులో రెండుసార్లు చదివి మొహం ముడుచుకున్నాడు. "ఇందులో మంచోడని ఎక్కడుందిరా?" నిజమే, ఎక్కడా లేదు. ఫలానా దేశం వీసాకి అనర్హుణ్ని చేసే ప్రతికూల సమాచారం ఏదీ మా దగ్గర లేదు, అని మాత్రమే ఉంటుంది. అంటే ప్రభుత్వం మంచివాడని చెప్పదు, చెడ్డవాడని తెలియదంటుంది. నాకైతే ఇది చాలా నిజాయితీగల వాక్యం అనిపించింది. మా పెళ్లి సంబంధాల్లో ఇంత నిజాయితీ ఉంటే సగం గొడవలు తగ్గేవి.

ఇక అపోస్టిల్. ఈ మాట వినగానే మావయ్య సైకిలేసుకుని తిన్నగా పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, బైబిల్లో ఉన్నది అపొస్తలుల కార్యములనీ, ఆ అపొస్తలులు ఎవరికీ వీసా కాగితాలు సంతకం చెయ్యలేదనీ నెమ్మదిగా చెప్పాడు. "అందులో ప్రయాణాలున్నాయి కదండీ?" అని మావయ్య ఆఖరి ప్రయత్నం చేశాడు. ఉన్నాయి, కానీ పౌలు గారి వీసా సంగతి ఆయనకీ తెలియదు.

చివరికి విషయం కుర్రాడే ఫోన్లో చూసి విప్పి చెప్పాడు. మన ఊళ్లో ముద్ర అవతలి దేశంవాడికి తెలియదు. అంచేత వెనకటికి కాగితం మీద ఆఫీసు మీద ఆఫీసు, ఆ పైన ఆ దేశం ఎంబసీ, ఇలా ముద్రల మెట్లెక్కాల్సి వచ్చేది. కువైట్ లాంటి దేశాలకి ఇప్పటికీ ఎంబసీ ముద్ర కావాలి. ఈ బాధ పడలేక 1961 అక్టోబరు 5న హేగ్‌లో కొన్ని దేశాలు కూర్చుని, ఒక్క ముద్ర చాలు, అది ఎవరిదైనా మిగతావాళ్లం నమ్ముదామని ఒప్పందం రాసుకున్నాయి. మనకది 2005 జూలై 14 నుంచి అమల్లోకొచ్చింది. మన తరఫున ఆ ముద్ర వేసేది విదేశాంగ శాఖ. జర్మనీ మాత్రం భారతదేశం చేరికకి అభ్యంతరం పెట్టింది. "సూశావా, అక్కడా ఒకాయన ఇది సెల్లదంటున్నాడు" అని మావయ్య జర్మనీని ఆ క్షణం నుంచి సొంత మనిషిలా చూడడం మొదలుపెట్టాడు.

ఒక్క ముద్ర చాలన్న మాట ఆయనకి రుచించలేదు. నలభయ్యేళ్లుగా మెట్లెక్కిన మనిషికి లిఫ్టు చూపిస్తే ఎలా ఉంటుంది? పైగా పాస్‌పోర్టు ఆఫీసు కేంద్రానిదే కాబట్టి దాని కాగితం నేరుగా విదేశాంగ శాఖకి వెళ్లిపోతుంది. అదే జిల్లా పోలీసులు ఇచ్చిన కాగితమైతే మధ్యలో రాష్ట్ర ప్రభుత్వం ముద్ర పడాలి. "ఆ లెక్కన మన స్టేషను కాగితమే గట్టిది కదేటి, ఒక ముద్ర ఎక్కువ పడుద్ది" అన్నాడు. ఆ తర్కానికి నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాదులో విదేశాంగ శాఖ వాళ్ల బ్రాంచి సెక్రటేరియట్ ఉంది. కానీ మనం వెళ్లి కాగితం చేతికిస్తే తీసుకోరు. 2012 జూలై నుంచి వాళ్లు పెట్టిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. అపోస్టిల్ రుసుము యాభై రూపాయలే, ఏజెన్సీ తన ఖర్చులు వేరే వేసుకుంటుంది. మావయ్యకి ఆ యాభై నచ్చలేదు. "ప్రపంచమంతా సెల్లే ముద్రకి యాభయ్యేటి? మా కొబ్బరికాయ ధర." కుర్రాడు విసుగెత్తి, ఇన్ని సంతకాల గోల ఎందుకు మావయ్యా అన్నాడు. ఆయన కోపగించలేదు. నర్సీపట్నం కొండల వైపు చెయ్యి చాపాడు.

"1922 ఆగస్టు 22. చింతపల్లి స్టేషను. అల్లూరి సీతారామరాజు పదకొండు తుపాకులు, 1390 గుళ్లు పట్టుకెళ్లినాడు. ఊరికే పట్టుకెళ్లినాడేటి? ఏటేటి తీసుకెళ్తున్నాడో రికార్డు పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లినాడు. బ్రిటిషోణ్ని ఎదిరించినోడే సంతకం ఎగ్గొట్టలేదురా. నువ్వెంత?"

కుర్రాడు మరి నోరెత్తలేదు.

కాగితం హైదరాబాదు నుంచి కొరియర్లో వచ్చిన రోజు ఉదయం నుంచే మావయ్య మా అరుగు మీదున్నాడు. కవరు తనే కోశాడు, బ్లేడుతో, అంచు వెంట. సర్టిఫికెట్ వెనక్కి తిప్పాడు. అక్కడ అతికించిన చీటీ ఉంది, పైన ఫ్రెంచిలో శీర్షిక, కింద అంకెలు వేసి పది వరసలు. ఆ శీర్షిక ఫ్రెంచిలోనే ఉండాలని ఒప్పందంలోనే రాశారని కుర్రాడు చెబితే తల పంకించాడు. ముద్ర అర్థం కాని భాషలో ఉంటేనే బరువని ఆయన ఎప్పట్నుంచో చెబుతున్నాడు. ఆ చీటీ చతురస్రంగా, పక్క తొమ్మిది సెంటీమీటర్లకి తగ్గకుండా ఉండాలని కూడా రాసుందని కుర్రాడు నోరు జారాడు. అంతే, జిప్పు జర్రున లాగి స్కేలు తీశాడు. చాప మీద కాగితం పరిచి, ఒక కన్ను మూసి, నాలిక పళ్ల మధ్య పెట్టి నాలుగు వైపులా కొలిచాడు. "ఊఁ" అన్నాడు. ఎంత వచ్చిందో మాకు చూపించకుండానే స్కేలు లోపల పెట్టేశాడు. అది ఆ చీటీ మీద పడిన పదకొండో వరస.

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "ఇంతకీ ఈ ఢిల్లీవోళ్లు ఏటని సెప్పినట్టు?"

కుర్రాడు వరసలు చదివాడు. ఈ కాగితం మీద సంతకం ఫలానా వారిది, ఫలానా హోదాలో పెట్టారు, ముద్ర ఫలానా ఆఫీసుది. అంతే. లోపల రాసిన సంగతికి పూచీ లేదు. మావయ్య వేళ్లు మడుస్తూ లెక్క తీశాడు: "ఢిల్లీవోడికి కుర్రోడు తెలీదు, వైజాగు సంతకం తెలుసు. వైజాగోడికి కుర్రోడు తెలీదు, అనకాపల్లి రిపోర్టు తెలుసు. అనకాపల్లోడికీ తెలీదు, మన కానిస్టేబులు తెలుసు. కానిస్టేబులుకి…" చూపుడువేలి దగ్గర ఆగాడు. అది ఆయన వైపే తిరిగి ఉంది. ఒక క్షణం దాన్ని చూసుకుని, మడిచేసి, "టీ తాగుదారి పదండి" అన్నాడు. ఆ రోజు టీ డబ్బులు తనే ఇచ్చాడు. రావికమతంలో అది చూసినవాళ్లు నలుగురమే ఉన్నాం.

తర్జుమా సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. దాన్ని చేసేవాళ్లని స్పెయిన్ విదేశాంగ శాఖే నియమిస్తుంది, ప్రతి తర్జుమాకీ వాళ్ల సంతకం, సీలూ ఉంటాయి. తర్జుమాకీ సీలుంటుందని విని మావయ్య ఆ దేశం బాగుపడుతుందని దీవించాడు. వీసా వచ్చింది. కుర్రాడు వెళ్లే రోజు అందరూ పచ్చళ్లు, మాడుగుల హల్వా ఇస్తే, మావయ్య మాత్రం ప్రతి కాగితానికీ ఆరేసి జిరాక్సులు, ఇరవై ఫొటోలూ ఇచ్చాడు.

మొన్న ఫోనొచ్చింది. స్పీకర్లో పెట్టాం.

"మావయ్యా, ఇక్కడ కూడా మున్సిపాలిటీకి వెళ్లి ఈ ఊళ్లోనే ఉంటున్నానని నమోదు చేయించుకుని కాగితం తెచ్చుకోమంటున్నారు. ఇంటాయన సంతకం అంటున్నారు, అద్దె కాగితం అంటున్నారు, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు."

మావయ్య మొహం వెలిగిపోయింది. ఫోను దగ్గరికి వంగి, రహస్యం చెబుతున్నట్టు అన్నాడు:

"కంగారు పడకు. ఆ ఆఫీసు అరుగు మీద జిప్పు ఫైలు పట్టుకుని ఎవడో ఒకడు కూసునుంటాడు. టీ ఇప్పించు."