‘మాన్యువల్’ సూత్రానికి అమరాపుర వ్యాఖ్య

మూలం: మాన్యువల్‌లో తీసిందే ఫోటో, తక్కినదంతా ఉత్త నొక్కుడు.

అవతారిక: సూత్రకర్త ఎవరో తెలియదు. మెడలో పెద్ద కెమెరా వేలాడే ప్రతివాడూ ఇది తనదేనంటాడు. మడకశిర మొదలు హిందూపురం దాకా నామకరణాల్లో, పుట్టినరోజుల్లో, బడి వార్షికోత్సవాల్లో దీని పారాయణ జరుగుతూనే ఉంటుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ వ్యాఖ్యానాలకు దిగాడు కోలాచలం మల్లినాథసూరి. మేము ఏ మాటా ఇవ్వలేదు.

టీక: ‘ఫోటో’, ‘తీసిందే’ – స్పష్టం. ‘మాన్యువల్‌లో’ – కెమెరా నెత్తిన ఉన్న చక్రాన్ని ‘ఎం’ అక్షరం దగ్గరికి తిప్పి, షట్టరు వేగం, అపర్చరు, ఐఎస్‌ఓ మూడూ తానే పెట్టుకుని, అని అధ్యాహారం. అపర్చరు అంకెలు 2.8, 4, 5.6, 8, 11, 16 అని నడుస్తాయి. ఒక్కో మెట్టుకు వెలుతురు సగానికి సగం తగ్గుతుంది. మంచి ఎండలో అపర్చరు 16, ఐఎస్‌ఓ 100 పెడితే షట్టరు సెకనులో నూరోవంతు దగ్గర ఉంచాలని ఫిలిం కాలపు సంప్రదాయం. అమరాపురం ఎండకు ఇది ముమ్మూర్తులా సరిపోతుంది. పిల్లలకే సరిపోదు. ఆ నూరోవంతులోనే ఆరేళ్ల పిల్ల ఊపిన చెయ్యి అలికినట్టవుతుంది. పరుగెత్తే బిడ్డ ఫోటోలో నిలవాలంటే 1/500 ఉండాలి.

పూర్వపక్షం: కెమెరాలో మీటరుంది కదా, ఆటోలో పెడితే అదే చూసుకోదా?

సమాధానం: చూసుకోదు. ఎదురుగా ఏమున్నా సరే, పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పికొట్టే బూడిదరంగే అని మీటరు నమ్మకం. దాని అజ్ఞానం బయటపడాలంటే హేమావతికి తీసుకుపోవాలి. హేమావతి మా అమరాపురం మండలంలోదే. ఒకప్పుడు హెంజేరు, నొళంబుల రాజధాని. దొడ్డేశ్వరాలయంలోని నల్లరాతి నునుపు చూడాలంటే మధ్యాహ్నం పనికిరాదు. ఎండ వాలాక, వెలుతురు పక్కనుంచి తగిలినప్పుడు చూడాలి. నంది మెడలోని గంటలు ఒక్కొక్కటే అంచు కట్టి లేస్తాయి. అంతదాకా నలుపులో నలుపుగా ఉన్న చెక్కడం అప్పుడు కంటికి ఆనుతుంది. ఆటో మీటరు ఈ నలుపును చూసి చీకటి పడిందనుకుంటుంది. వెలుతురు పెంచేసి, నొళంబుల రాతికి విబూది పూస్తుంది. ఇక్కడి స్తంభాలను చోళులు ఎత్తుకుపోయి తిరువయ్యారులో నిలబెట్టారని చరిత్రకారులు అంటారు. దోపిడీ దోపిడీయే గానీ, రాయి ఎంచడంలో చోళులకు వంక పెట్టలేం. కొన్ని శిల్పాలు చెన్నై మ్యూజియం చేరాయి. అక్కడి గాజుదీపాల కింద వాటిని చూసి... ప్రకృతం పిల్లలు కదూ.

పిల్లలు. నందికి దండం పెట్టించి, పక్కనే ఒక నాలుగేళ్లవాడిని నిలబెట్టారు. కొత్త చొక్కా, కాలరు లోపల ధరచీటీ దారం ఇంకా గుచ్చుకుంటోంది. బుగ్గమీది దిష్టిచుక్క చెమటకు దవడ దాకా జారింది. “కదలొద్దురా” అంటాడు సూత్రోపాసకుడు, చక్రం తిప్పుతూ. “నగప్పా, అన్న ఫోటో తీస్తాడు” అంటుంది అవ్వ. మబ్బు వచ్చింది, మళ్లీ చక్రం. మబ్బు పోయింది, మళ్లీ చక్రం. ఈలోగా మేకపిల్ల ఒకటి అరుగెక్కింది. పిల్లవాడు పడీపడీ నవ్వాడు. ఉపాసకుడు ఆ సమయాన స్క్రీను మీద అంకెలు సరిచూసుకుంటున్నాడు. చివరికి తీసిన ఫోటోలో వెలుతురు దివ్యంగా ఉంది, పిల్లవాడు రేషన్‌కార్డులో ఉన్నట్టున్నాడు. పైగా “మీవాడు కదిలిపోతాడండీ” అని తల్లికి ఫిర్యాదు!

1839లో డాగేర్ పద్ధతి వచ్చిన కొత్తలో ఒక బొమ్మకు నిమిషాలు పట్టేది. తర్వాత కూడా చాలాకాలం స్టూడియోల్లో తల వెనక ఇనుప పట్టు బిగించేవారు. తల్లి మీద ముసుగు కప్పి, ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి తీసేవారు. అప్పటి పరికరానికి అంతకన్నా చేతకాలేదు, క్షమిద్దాం. సెకనులో నాలుగువేలోవంతు చేతిలో ఉంచుకుని ఇవాళ బిడ్డను స్తంభంలా నిలబడమనడానికి ఏం రోగం?

సిద్ధాంతం: సూత్రంలోని లక్షణానికి మూడు దోషాలూ పట్టాయి. అవ్వ ఫోన్లో దొరికిన ఆ మేకపిల్ల నవ్వు దీని ప్రకారం ఫోటో కాదు గనుక అవ్యాప్తి. లెన్సుమూత తీయడం మరిచి మాన్యువల్‌లో తీసిన కటికచీకటి ఫోటో అవుతుంది గనుక అతివ్యాప్తి. చక్రం తిప్పడం ముగిసేదాకా కదలని పిల్లవాడు – అసంభవం.

తాత్పర్యం: నీడపట్టున పిల్లల దగ్గర షట్టరు 1/500, అపర్చరు 4 పెట్టి, ఐఎస్‌ఓను ఆటోకు వదిలేయండి. వెనక నల్లరాయి ఉంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి, సున్నం గోడ ఉంటే పెంచండి. పూర్తి మాన్యువల్ నేర్చుకోవలసిందే, కాదనం. హేమావతి నంది వెయ్యేళ్లకు పైగా అక్కడే కూర్చుని ఉంది, మీరు ఎన్నిసార్లు చక్రం తిప్పినా ఏమీ అనదు. పిల్లవాడిని మాత్రం వదిలిపెట్టండి, వాడికి ఆకలేస్తోంది.