కుడికి మాత్రమే తిరిగే బండి

నా స్కూటర్ హ్యాండిల్ ఎడమకు తిప్పితే ఇంజన్ ఆగిపోతుంది. కుడికి తిప్పితే దానికి ఏ అభ్యంతరమూ లేదు. నేరుగా పోతున్నప్పుడు గుంతలో పడితే ఒక దగ్గు దగ్గి ఊరుకుంటుంది. పోనీ ఆగినప్పుడు ఇంజన్ ఒక్కటే ఆగుతుందా అంటే అదీ కాదు. హారన్, ఇండికేటర్, సెల్ఫ్ అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మూగబోతాయి. హ్యాండిల్ సరిచేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. వానలు మొదలైన దగ్గర్నుంచి ఇదే తంతు.

మా ధర్మసాగర్‌లో బండి ఆగిందంటే వైద్యులకు కొదవలేదు. హోటల్ బల్ల మీద ఛాయ్ తాగుతున్నాయన లేవకుండానే "బ్యాటరీ పాయె సార్" అన్నాడు. మీటర్ పెట్టి చూస్తే బండి ఆపినప్పుడు 12.6 వోల్టులు, రేజ్ ఇస్తే 14. అంతకన్నా ఆరోగ్యం ఏ బ్యాటరీకి ఉంటుంది? ఆ మాటే అంటే "మీటర్లను నమ్మొద్దు సార్, మా బామ్మర్ది బండికి గిట్లనే అయింది" అన్నాడు. లోకంలో ఏ రోగమైనా ముందు ఎవరో ఒకరి బామ్మర్ది బండికి వచ్చే మనదాకా వస్తుంది. ఇంకొకాయన ప్లగ్గన్నాడు. విప్పి గరుకు కాగితంతో గీకాం. మరొకాయన కార్బురేటర్ అన్నాడు. జెట్లు విప్పి గాలి కొట్టించాం. ఎయిర్ ఫిల్టర్ దులిపితే మండలంలోని మట్టి సగం రాలింది. నిజం చెప్పొద్దూ, పికప్ బాగా పెరిగింది. ఎడమకు తిప్పితే మంచి పికప్‌తో వచ్చి మరీ ఆగింది.

తర్వాత అందరూ పెట్రోలు మీద పడ్డారు. "అండ్ల ఇథనాల్ కలుపుతున్నరు సార్." నిజమే, నూటికి ఇరవై పాళ్లు. 2030 నాటికి కలపాలనుకున్నది 2025కే కలిపేశారు. అలాంటి పెట్రోలుకు తయారుకాని పాత టూ వీలర్లకు మైలేజీ 3-4 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగే రాసింది. తగ్గిన మైలేజీకి బంకులో ఎవరూ పైసలు తిరిగివ్వరు కాబట్టి ఈ విషయంలో నాకూ కడుపుమంట ఉంది. కానీ ట్యాంకులో పడుకున్న ఇథనాల్‌కు నేను ఎటు తిరుగుతున్నానో ఎట్లా తెలుస్తుంది?

మా వాడలో రిటైరైన సారొకాయన ఉన్నారు. "మా ఆల్విన్ పుష్పక్‌నైతే ఒక్కసారి పక్కకు వంచి లేపేవాణ్ని, అంతే" అన్నారు. హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల స్కూటర్లు రోడ్ల మీద కనబడి ఏ కాలమైందో గానీ, సారు మాటల్లో పుష్పక్ ఇప్పటికీ ఫస్ట్ కిక్కుకే స్టార్టవుతుంది. పెద్దాయన మాట కాదనలేక వంచాను. పెట్రోలు చెప్పు మీద పడింది.

ఎడమకు తిరగలేనివాడు ఎట్లా బతకాలి? ఈ దేశంలో ఎడమ మలుపు ఉచితం. చౌరస్తాల్లో బోర్డు పెట్టి మరీ ఫ్రీ లెఫ్ట్ ఇస్తారు. కుడికి తిరగాలంటే ఎదురొచ్చే లారీని, ఆర్టీసీ బస్సును, ఆటోను పేరుపేరునా బతిమాలాలి. మొదట్లో ఎడమ మలుపు రాగానే దిగి, బండిని తోసుకుంటూ తిప్పి, మళ్లీ ఎక్కేవాణ్ని. ఎండాకాలం ఉక్క ఇంకా పోలేదు, చొక్కా తడిసిపోయేది. చివరికి ఉపాయం దొరికింది. ఎడమ సందులోకి పోవాలంటే ఆ సందు దాటేయాలి. తర్వాత కుడికి, మళ్లీ కుడికి, ఇంకోసారి కుడికి. అప్పుడు ఆ సందులోకి నేరుగా వచ్చిపడతాం. కుడికి తిరుగుతూ పోవడాన్ని మన పెద్దలు ఏమన్నారు? ప్రదక్షిణమన్నారు. అంటే హన్మకొండలో నేను ఏ పని మీద పోయినా పుణ్యం పోగవుతున్నట్టే. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి వైపు తిరిగిన రోజు అర్థముంది. కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగినందుకు ఏ దేవుడు వరమిస్తాడు? కల్లు దుకాణం చుట్టూ తిరుగుతుంటే మా ఊరాయన చూసి "ఏంది సార్, లోపలికి పోవాల్నా వద్దా అని ఆలోచిస్తున్నరా?" అన్నాడు. అత్తగారి వీధిలో బామ్మర్ది గేటు దగ్గర నిలబడి, నేను ఇంటి ముందునుంచే దాటిపోవడం చూసి "బావా, ఇల్లు మర్చిపోయినవా?" అని కేకేశాడు. (వీడి బండికి మాత్రం ఏ రోగమూ లేదు.) పైగా 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు హెడ్‌లైటు ఆపే స్విచ్చే లేదు. పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. ఎదురొచ్చే ప్రతివాడూ పిడికిలి మూసి తెరిచి లైటు ఆపమంటాడు. ప్రదక్షిణానికి తోడు అఖండదీపం! చావు ఇంటికి పోయినప్పుడు కూడా అపసవ్యం తిరగని బండి నాది. ఇంత ఆచారం మా వంశంలో ఎవరికీ లేదు.

చెరువు కట్ట దగ్గర మాత్రం ఈ ఉపాయం పారలేదు. గంగారం దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు దేవాదుల పైపుల్లో భీంఘన్‌పూర్ మీదుగా ఇంత దూరం వచ్చి మా చెరువులో పడుతున్నాయి. కట్ట మీదికి పోవడానికి నాకు ఒక్క ఎడమ మలుపు అడ్డం. మూడు కుడి మలుపులు తిరుగుదామంటే మూడోది నీళ్లలో ఉంది.

పట్నంలో ఒక వర్క్‌షాప్‌కు తీసుకుపోతే, హ్యాండిల్ ముట్టుకోకుండానే మొత్తం వైరింగ్ కిట్ మార్చాలని మూరెడు ఎస్టిమేట్ రాసిచ్చారు. దాన్ని జేబులో పెట్టుకుని, కుడికి తిరుగుతూ ఊరికి వచ్చి, చెట్టు కింద కూర్చునే మెకానిక్ దగ్గర నిలబడ్డాను. కథంతా మొదలుపెట్టబోతే "మీరు చెప్పకుండ్రి సార్, బండినే చెప్పనియ్యిండ్రి" అన్నాడు. ముందు కవర్ విప్పాడు. చిన్న బల్బుకు రెండు వైర్లు తగిలించి ఉన్న టెస్టు ల్యాంపు తీశాడు. ఒక కొస ఇనుముకు ఆనించి, ఇంకోటి తాళం దగ్గరి వైరుకు గుచ్చి, హ్యాండిల్ ఎడమకు తిప్పాడు. బల్బు ఆరింది. కుడికి తిప్పాడు. వెలిగింది. హ్యాండిల్ మెడ దగ్గర వైర్ల కట్టను వేళ్లతో నొక్కుతూ పోయి ఒకచోట ఆగాడు. పైతొడుగు చెక్కుచెదరలేదు. బ్లేడుతో చీరితే లోపల రాగి పచ్చగా చిలుముపట్టి తెగిపోయి ఉంది. ఎడమకు తిప్పితే వైరు సాగి కొసలు విడిపోతాయి, కుడికి తిప్పితే వదులై ఒకదాన్నొకటి తాకుతాయి. బ్యాటరీ నుంచి తాళానికి వచ్చే కరెంటంతా ఆ ఒక్క వైరులోనే కాబట్టి అది తెగితే అన్నీ చస్తాయి. నా పుణ్యమంతా అక్కడుంది.

వైరు అతికి టేపు చుడుతుంటే, కొత్త బళ్లు కూడా చేస్తావా తమ్మీ అని అడిగాను. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన స్కూటర్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది. ఇంజెక్టర్, సెన్సార్లు, వాటన్నిటినీ ఏలే ఒక డబ్బా వచ్చాయి. రోగమేమిటో ఆ డబ్బాకు తెలుసు, దాన్ని అడగాలంటే స్కానర్ కావాలి. కరెంటు స్కూటర్లయితే ఇతని దగ్గర గాలి కొట్టించుకోవడానికే ఆగుతాయి.

"చేస్త సార్," అన్నాడు టేపు పళ్లతో తెంపుతూ, "కడుగుత."

నవ్వొచ్చే మాటే, కానీ అతను నవ్వలేదు. నాకూ ఏమనాలో తోచలేదు. అడిగిన దానికన్నా యాభై ఎక్కువిస్తే తిరిగిచ్చేశాడు.

మీ బండి కూడా ఒక పక్కకు తిప్పినప్పుడే ఆగుతోందా? అయితే బ్యాటరీ కొనే ముందు హ్యాండిల్ మెడ దగ్గరి వైర్లు చూపించండి. ఆ చూపించేదేదో చెట్టు కింద మెకానిక్‌కే చూపించండి, ఇంకా ఉన్నారు.