కిటికీ తీగ పద్యం: టీకా తాత్పర్య సహితం

కిటికి మూసుకొనదు, కినుకతో నిల్లాలు
కాస్త తీఁగఁ గోయఁ గలరె యనియె;
కణుపు కిందఁ గోసి కడకొమ్మ నీటిలోఁ
బెట్ట, వేళ్లు మొలచు గట్టిగాను.

టీక: కిటికి = గాలికీ దోమకూ సమానంగా దారి ఇచ్చేది; మూసుకొనదు = మూతపడదు; కినుకతోన్ = పలుమార్లు చెప్పినా పని కానందున పుట్టిన అలుకతో; ఇల్లాలు = గృహిణి; కాస్త తీఁగన్ = తీగలో కొంత; కోయన్ కలరె = కోయగలరా; అనియెన్ = అన్నది; కణుపు కిందన్ = ఆకు కాడ కాండాన్ని కలిసే ముడికి దిగువన; కడకొమ్మ = కొస కొమ్మను; పెట్టన్ = ఉంచగా; గట్టిగాను = దృఢంగా; వేళ్లు మొలచున్ = వేళ్లు వస్తాయి.

తాత్పర్యం: తీగ గ్రిల్ ఊచలను చుట్టేసి కిటికీ రెక్కను పడనివ్వడం లేదు, కాస్త కోయమని ఇల్లాలు అడిగింది. కోసిన కొసలను నీళ్లలో ఉంచితే మళ్లీ మొక్కలవుతాయి.

విశేషాలు: కవి తీగ అని ఊరుకున్నా మనీప్లాంటు అనే గ్రహించాలి. సన్నజాజి అనేవారి పక్షం నిలవదు, అది ఎండ లేని గదిలో పూయదు. మనీప్లాంటు శాస్త్రీయ నామం ఎపిప్రెమ్నమ్ ఆరియం. చేమ, కందలతో ఒకే కుటుంబం. పుట్టిల్లు పసిఫిక్‌లోని మోరియా దీవి.

‘గలరె’ అన్నచోట కాకువు ఉంది. రూపంలో ప్రశ్న, అర్థంలో ఆజ్ఞ. అవును, కాదు అని జవాబివ్వడం ఇక్కడ అజ్ఞానం.

పద్యానికి ప్రాణం ‘కాస్త’. ఇల్లాలి లెక్కలో కాస్త అంటే కిటికీ మూతపడేంత. కోసేవారి లెక్కలో మొదట రెండాకులు, కత్తెర చేతికి అలవాటు పడ్డాక మొదలుదాకా. ఒక్క విడతలో మూడో వంతుకు మించి తీయకూడదన్నది సిద్ధాంతం. ఆహారం తయారయ్యేది ఆకుల్లోనే కనుక ఎక్కువ పోతే మొక్క తేరుకోవడానికి చాలాకాలం పడుతుంది. ముందు పండుటాకులు, ఆకులు రాలి బోసిపోయిన తీగలు, నీడలో మచ్చలు పోయి ఉత్త పచ్చగా మారిన కొమ్మలు తీసి, ఆపైన పొడవు సంగతి చూడాలి.

‘కణుపు కింద’ అనడంలో కవి కోసిన కొమ్మ పక్షమే వహించాడు. వేళ్లు కణుపు దగ్గరే పుడతాయి కాబట్టి కొమ్మకు ఆ మాట సరే. తల్లి మొక్కకు మాత్రం కోత కణుపుకు కాస్త పైన పడాలి, లేకపోతే మిగిలిన మోడు ఎండిపోతుంది. అందుచేత రెండు కోతలు అవసరం. కొస మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొస పోగానే అవి లేస్తాయి. కోసినకొద్దీ మొక్క గుబురవుతుందని, కిటికీ సమస్య తీరదు, వాయిదా పడుతుందని దీని ఫలితార్థం.

ఈ తీగ పూయడం మహా అరుదు. ఇంటింటా ఉన్నవి ఏదో ఒక కొమ్మకు పిలకలే. దొంగిలించిన కొమ్మే బతుకుతుందనే లోకవాదం ఇక్కడ విచారణకు వస్తుంది. కణుపు లేకుండా దొంగిలించిన ముక్క నీళ్లలో కుళ్లుతుంది. కణుపుతో అడిగి తెచ్చుకున్నది రెండు మూడు వారాల్లో వేళ్లు వేస్తుంది. నీళ్లు మాత్రం వారానికోసారి మార్చాలి.

తీగను వేలాడదీస్తే ఆకులు చిన్నవవుతాయి, పైకి పాకిస్తే పెద్దవవుతాయి. మామిడి చెట్టు ఎక్కిన మనీప్లాంటుకు విస్తరాకంత ఆకులు రావడం చూసినవారికి ఇందులో సందేహం ఉండదు. ఇంట్లో నాచుకర్రకు కట్టి ఎక్కిస్తే కిటికీ జోలికి రాదు.

అలంకారం స్వభావోక్తి. ఛందస్సు ఆటవెలది. నాలుగో పాదంలో ఉన్నది ప్రాసయతి, దోషం కాదు.

కవి దోషాలు వేరే రెండున్నాయి. ఈ మొక్క రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చేమదుంప దురద పెట్టేది వీటివల్లే. కోసేటప్పుడు చేతులకు తొడుగు వేసుకోవాలని, ముక్కలు పసిపిల్లలకూ పిల్లులకూ అందకుండా ఎత్తివేయాలని పద్యంలో లేదు. ఇక నీటిలో పెట్టమన్న కవి ఎన్ని సీసాలో చెప్పలేదు. కోసిన కొమ్మలన్నీ సీసాల్లో చేరి కిటికీ గట్టును ఆక్రమిస్తే మొదటి పాదం మళ్లీ చదువుకోవలసిందే కనుక, రెండు ఉంచుకుని మిగిలినవి ఇరుగుపొరుగుకు పంచాలి.