చెమట పట్టకుండా స్టార్టప్

ప్రయోగాలు చేయాలి, మారుతూ ఉండాలి, విలువలు వదలకూడదు అని స్టార్టప్ పెట్టేవాళ్లకు అందరూ చెబుతారు. మంచి మాటే. ఈ మూడింటినీ ఒళ్లు అలవకుండా ఎలా వాడుకోవాలో నేర్చుకోండి.

1. ముందు మాదాపూర్‌లో ఆఫీసు తీసుకోండి. అద్దె ఎక్కువే, అయినా కట్టేది మీరు కాదు. ఊళ్లో బాబాయి చేత పొలం కుదువ పెట్టించండి. వాటా ఇస్తానని నోటితో చెప్పండి, కాగితం మీద పెట్టకండి.

2. వాడేవాళ్లను అడగకండి. 2006లో ఫణీంద్ర సామ, ఇద్దరు మిత్రులు బెంగళూరులో రెడ్‌బస్ మొదలుపెట్టి బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. యజమానులు మాకొద్దన్నారు. ఆ ముగ్గురూ ఊరుకోకుండా ఆపరేటర్లను బతిమాలి సీట్లు తెచ్చుకుని ప్రయాణికులకే అమ్మారు. ఎన్ని తిప్పలు! మీరైతే యజమానులకు టెక్నాలజీ తెలియదని తేల్చేసి ఇంటికి రండి. సర్వే కావాలంటే చుట్టాల వాట్సాప్ గ్రూపు ఉంది. మేనత్త కొడుకులు ఎప్పుడూ బాగుందనే అంటారు.

3. ప్రయోగం చేయండి, ఫలితం మాత్రం రాయకండి. రాస్తే ఎవరో ఒకరు చదువుతారు. ఏది ఆగిపోయినా ఇంకా ప్రయోగ దశలోనే ఉందనండి. డౌన్‌లోడ్లు ఎన్నో చూపండి, డబ్బు కట్టినవాళ్లు ఎందరో చూపకండి.

4. మీ యంత్రం పని చేయకపోతే పక్కవాళ్లది వాడండి. అమెరికాలో థెరనోస్ అనే కంపెనీ చేసిందదే. వేలి చుక్క రక్తంతో అన్ని పరీక్షలూ చేస్తామని చెప్పి, చాలా పరీక్షలు సీమెన్స్ లాంటి కంపెనీల యంత్రాల మీద చేసింది. ఒక దశలో దాని విలువ 900 కోట్ల డాలర్లు పలికింది. ఆ అంకె దగ్గర చదవడం ఆపండి. స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌కు 2022లో పదకొండేళ్లకు పైగా జైలుశిక్ష పడిన సంగతి దాకా వెళితే ఉత్సాహం తగ్గుతుంది.

5. బాకీలు పెరగ్గానే వ్యాపారం మార్చండి. కూరగాయల యాప్ నుంచి జాతకాల యాప్‌కు, అక్కణ్ణుంచి ఏఐకి. టమాటాల రైతు ఫోన్ చేస్తే, "ఇప్పుడు మేం ఆ లైన్లో లేమండీ" అని పెట్టేయండి.

6. విలువలను గోడ మీద రాయించండి. రిసెప్షన్ వెనక అయితే ఫోటోల్లో బాగా పడతాయి. జీతం అడిగిన కుర్రాణ్ణి ఆ గోడ ముందు నిలబెట్టి, "మనదంతా ఒకే కుటుంబం కదా తమ్ముడూ" అనండి. పీఎఫ్ మాత్రం నెలనెలా కోయండి. మరుసటి నెల 15లోపు కట్టాలన్న గడువు తీరిక ఉన్నవాళ్లకు. కోసిన సొమ్ము కట్టకపోతే క్రిమినల్ కేసవుతుందని అకౌంటెంట్ అంటే, అకౌంటెంట్‌ను మార్చండి.

7. నోటీసు వస్తే సంతకం చేసి తీసుకోకండి. ఫోన్ నంబరు మార్చి, కొత్త కంపెనీకి పేరు చూడండి. పెట్టుబడికి అత్తగారి వైపు వాళ్లు ఇంకా మిగిలే ఉన్నారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక అడగండి.