చీలమండ లోతు సాహసం

మొత్తానికి ఐర్లండ్‌లో మన ఊరు స్వోర్డ్స్‌కి ఎడారి వచ్చేసింది. హోలీవెల్ నుంచి యాపిల్‌వుడ్ దాకా ఏ ఎస్టేట్‌లోకి మలుపు తిరిగినా ఒక ఇసుకరంగు బండి. దాని నెత్తిన మడతపెట్టిన గుడారం, పక్కన చుట్టిపెట్టిన పందిరి, వెనక నిచ్చెన, బురదలో దిగబడితే చక్రాల కింద వేసుకోడానికి నారింజరంగు పలకలు. ఆ పలకల మీద బురద చుక్క ఉండదు. వాట్సాప్ గ్రూపులో ఫోటో, కింద రెండు ముక్కలు: "ఫ్యామిలీ బిల్డ్ పూర్తయింది. వారమంతా ఆఫీసుకి, వీకెండ్ అడవికి. అంతా పిల్లల కోసమే." దాని కింద చప్పట్ల బొమ్మలు. "సూపర్ అన్నా", "ఎంతయింది అన్నా", "నెక్స్ట్ మేమే అన్నా".

నాకు భయమంతా ఆ "నెక్స్ట్ మేమే"తోనే. ఒకరు ఎయిర్ ఫ్రయర్ కొంటే నెల తిరక్కుండా ఎస్టేటంతా కొన్న జాతి మనది. ఎయిర్ ఫ్రయర్ వంటింట్లో మూలన కూర్చుంటుంది, ఎవరి జోలికీ రాదు. ఇది రెండు టన్నుల పైమాట. రోడ్డు మీదకొస్తుంది.

సరే, మర్యాదగానే మొదలుపెడదాం. ఆఫ్ రోడ్ బండికి కావలసింది ఆఫ్ రోడ్. అది ఐర్లండ్‌లో ఎక్కడుందో, బండికి ఇలా సామాను బిగించి దాన్ని "బిల్డ్" అనే వీరులెవరైనా చూపించాలి. అడవుల్లోకంటారా? దేశం నేలలో దాదాపు 7 శాతం క్విల్చ అనే ప్రభుత్వ అటవీ సంస్థది. అందులోకి సరదాకి బండి తోలనివ్వరు, పార్కింగులో రాత్రి పడుకోనివ్వరు. విక్లో కొండలంటారా? నేషనల్ పార్కులో రోడ్డు దిగి బండి నడపడం నిషేధం. మిగిలిన నేల ఎవరో ఒక రైతుది. గేటుంది, గొర్రెలున్నాయి, రైతూ ఉన్నాడు. స్కాట్లాండ్‌లో లాగా ఇతరుల నేల మీద కనీసం కాలినడకన తిరిగే హక్కు కూడా ఇక్కడి చట్టంలో లేదు.

విక్లో పార్కులో గుడారం వేసుకోనిస్తారు, నిజమే. దానికో నియమావళి ఉంది: బండి పోగల రోడ్డుకి కనీసం 400 మీటర్ల దూరంలో వెయ్యాలి. వేల యూరోలు పోసి గుడారాన్ని బండి నెత్తికి బోల్టులతో బిగించుకున్నవాడు ఆ 400 మీటర్లు ఎలా నడుస్తాడో చూడాలని ఉంది.

బండిని ఇసుకలోకి దించే చోటు అసలే లేదనను. కెర్రీలో ఇంచ్ బీచ్, డొనెగాల్‌లో రాస్‌నౌలా. కార్లు నేరుగా ఇసుక మీదకి పోతాయి. వెళ్ళి చూడండి. పాత మైక్రాలో వచ్చిన ముసలమ్మలు అద్దం దించి, ఫ్లాస్కులో టీ పోసుకుని సముద్రం చూస్తుంటారు. వాళ్ళ పక్కన మన సహారా బండి ఆగుతుంది. వాళ్ళు ఒకసారి చూసి మళ్ళీ సముద్రం వైపు తిరుగుతారు.

ఇక స్నార్కెల్. గుడారాన్ని క్షమిస్తాను, ఫ్రిజ్‌ని క్షమిస్తాను, స్నార్కెల్‌ని మాత్రం క్షమించలేను. ముందద్దం పక్కనుంచి నల్లగా పైకి లేచి, కప్పు ఎత్తుకొచ్చాక మూతి ముందుకి తిప్పుకుని నిలబడుతుందే, ఆ గొట్టం. అది పెట్టాలంటే చాలా బళ్ళకి పక్కరేకు కొయ్యాలి. కొత్త బండి రేకుకి డబ్బిచ్చి మరీ కన్నం పెట్టించుకుని, ఆ కన్నం ఫోటో తీసి గ్రూపులో పెట్టిన మనిషిని నేనెరుగుదును.

దాని పనేమిటి? ఇంజను గాలి పీల్చుకునే దారిని బానెట్ కిందనుంచి కప్పు ఎత్తుకి తీసుకుపోవడం. ఆస్ట్రేలియాలో ముందు పోయే బండి లేపిన ఎర్రదుమ్ము ఫిల్టర్లో నిండిపోకుండా, వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్ళు మింగకుండా. అక్కడ అర్థమున్న సామానే. స్వోర్డ్స్‌లో దుమ్మెక్కడిది? ఐర్లండ్ తూర్పు తీరాన ఏడాదికి 150 రోజులు, పడమట 225 రోజులు వాన. ఈ దేశంలో దుమ్ముకి లేచే తీరికే లేదు.

పోనీ వాగు? మనకున్నది వార్డ్ నది. పార్కులో చెట్ల మధ్యనుంచి వచ్చి, కోట పక్కగా ఊరు దాటి, బ్రాడ్‌మెడో నదిలో కలుస్తుంది. మామూలు రోజుల్లో చాలాచోట్ల చీలమండ లోతు. బాతులు అందులో ఈదవు, నిలబడతాయి. ల్యాండ్‌రోవర్ డిఫెండర్ లాంటి బండి స్నార్కెల్ లేకుండానే 900 మిల్లీమీటర్ల నీళ్ళలో పోగలదని తయారుచేసిన కంపెనీయే చెబుతోంది. వార్డ్‌లోకి అంత నీళ్ళొచ్చిన రోజున గార్డాలు, అంటే ఇక్కడి పోలీసులు, రోడ్డే మూసేస్తారు. గార్డా టేపు దాటించే గొట్టాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

బండిని వాగులోకి దించాడనే అనుకుందాం. స్నార్కెల్ కాపాడేది ఇంజను ముక్కునొక్కదాన్నే. తలుపు సందుల్లోంచి లోపలికొచ్చే నీళ్ళని ఆపలేదు. గేర్‌బాక్సుకీ యాక్సిళ్ళకీ గాలి ఆడే బ్రీదర్లు వేరే ఉంటాయి. అవి తగినంత ఎత్తులో లేకపోతే ఆయిల్లో నీళ్ళు కలుస్తాయి. వాగులు దాటే పనున్నవాడు ముందు వాటి సంగతి చూసుకుంటాడు. మనవాళ్ళని అడగండి, "అవేంటన్నా?" అంటారు. బ్రీదర్లు బయటికి కనబడవు, ఫోటోలో పడవు. పడేవైతే అవీ బిగించేవాళ్ళు.

నది ఎలా దాటాలో మనకొకరు నేర్పాలా? నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి కారెలా పోయింది? రేవులో పంటు ఎక్కింది. డ్రైవరు బ్రేకు వేసి దిగి, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ అవతలి ఒడ్డు వచ్చేదాకా నిలబడ్డాడు. వశిష్ఠ గోదావరినే అలా దాటిన జాతి, వార్డ్ నది కోసం రేకు కోయించుకుంటోంది. బావిలో దిగనివాడు నడుముకి బెండ్లు కట్టుకుని బజారంతా తిరిగినట్టుంది వ్యవహారం.

ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. 1014లో క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో పోయిన బ్రియన్ బోరూ భౌతికకాయాన్ని ఆర్మాకి తీసుకుపోతూ ఒక రాత్రి స్వోర్డ్స్‌లో ఉంచారని చెబుతారు. ఆ ఊరేగింపు కూడా ఇక్కడి వాగులన్నీ గొట్టం లేకుండానే దాటింది. రేపో మాపో ఎలక్ట్రిక్ బండికి కూడా స్నార్కెల్ బిగిస్తారు, చూస్తూండండి. అయ్యా, దీనికి గాలి పీల్చే ఇంజనే లేదు కదా అంటే, "లుక్ కోసం అన్నా" అంటారు.

మిగతావాటికి తలా ఒకటి రెండు వాక్యాలు చాలు. లైట్‌బార్: వీధిదీపాలున్న ఎస్టేట్‌లో, రాత్రి పదింటికి, మా పడగ్గది కర్టెన్ మీద పరీక్షించారు ఎదురింటాయన. జెర్రీక్యాన్: ఎం1 హైవే మీద లస్క్ దగ్గర బంకు తెరిచే ఉంటుంది. వించ్: తాడు కట్టి లాక్కుందామంటే దగ్గర్లో ఉన్న చెట్టు కౌన్సిల్‌ది. పైకప్పు బరువు: "మూడు వందల కిలోలు మోస్తుంది" అంటారు గానీ, డిఫెండర్‌కి ఆ 300 బండి ఆగి ఉన్నప్పటి లెక్క, నడిచేటప్పుడు 168. గుడారం, పందిరి, పలకలు, క్యాన్లు అన్నీ ఆ 168లోనే సర్దుకోవాలి.

రోజువారీ సంగతి చూద్దాం, "డైలీ డ్రైవర్" అని కదా గొప్ప. డిక్కీ నిండా ప్లైవుడ్ సొరుగులు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు, రెండో బ్యాటరీ. ఊళ్ళోంచి అత్తామామలు వస్తారు. మనిషికి రెండేసి పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. ఆవకాయ, కందిపొడి, మనవడికి జంతికలు. ఎయిర్‌పోర్టు మనకి కూతవేటు దూరం. డిక్కీ తెరిస్తే సొరుగులు. పెట్టెలకి టాక్సీ పిలవాలి. కప్పున్న కార్ పార్కుల్లో రెండు మీటర్ల చిల్లర ఎత్తున కడ్డీ వేలాడుతుంటుంది. బండే రెండు మీటర్లకి దగ్గర, దాని మీద గుడారం. అందుకని బయటెక్కడో ఆపి, వానలో నడిపిస్తారు. మోకాళ్ళ నొప్పుల అత్తగారు సీటెక్కాలంటే ముందు ప్లాస్టిక్ స్టూలు దిగాలి. ఇదే అత్తగారిని రాత్రి నిచ్చెనెక్కించి బండి నెత్తిన పడుకోబెడతారట. అర్ధరాత్రి ఆవిడకి బాత్రూమ్ అవసరమైతే ఏం చెయ్యాలో బిల్డ్ వీడియోల్లో చెప్పరు.

పన్నుల సంగతి ఎత్తితే ముఖం మాడుతుంది. కిలోమీటరుకి 190 గ్రాముల కార్బన్ దాటితే వీఆర్‌టీ అనే రిజిస్ట్రేషన్ పన్ను 41 శాతం. 225 దాటితే ఏడాదికి మోటార్ టాక్స్ 2,400 యూరోలు. కొందరు తెలివిగా వెనక సీట్లు లేని కమర్షియల్ రకం కొని, టాక్స్ 333 యూరోలకి దించుకుంటారు. సరుకు రవాణాకి తప్ప వాడనని సంతకం పెడితేనే ఆ రేటు. సంతకం పెట్టేసి "ఫ్యామిలీ బిల్డ్" అంటారు. పిల్లల్ని సరుకు కింద రాయించారేమో.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. ఆ బండి స్కూలు గేటు దగ్గరికొచ్చాక నాకు నవ్వు రాదు.

యూరప్‌లో కొత్త కార్ల బానెట్ సగటు ఎత్తు 2010లో 76.9 సెంటీమీటర్లు, 2024లో 83.8. ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే సంస్థ 2025లో బయటపెట్టిన లెక్క ఇది. అదే నివేదిక ఇంకోమాట చెప్పింది. డిఫెండర్ స్టీరింగ్ ముందు సగటు ఎత్తు మనిషి కూర్చుంటే, బానెట్ ముందు నిలబడ్డ నాలుగున్నరేళ్ళ పిల్లలు అతనికి కనబడరు. నాలుగున్నరేళ్ళంటే జూనియర్ ఇన్ఫాంట్స్ వయసు. వీపుకన్నా పెద్ద సంచీ తగిలించుకుని మొదటిసారి బడికొచ్చే వయసు. అంత ఎత్తు చాలక స్ప్రింగులు మార్చి ఇంకాస్త పైకి లేపిస్తారు. ముందు ఇనుపకడ్డీలు బిగిస్తారు. ఆ కడ్డీలు ఎదుటి మనిషి ప్రాణానికి ముప్పని, వాటి మీద చర్యలు తీసుకోమని 2017 డిసెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రాలన్నిటికీ రాసింది. గచ్చిబౌలిలో వద్దన్నది స్వోర్డ్స్‌లో ముద్దొచ్చిందా? పిల్లల కోసమట. ఎవరి పిల్లల కోసం?

ఈ వేషం ఎక్కడిదో తెలుసా? క్యామెల్ ట్రోఫీ అని ఒక సాహస పోటీ, 1980 నుంచి 2000 దాకా నడిచింది. పసుపురంగు ల్యాండ్‌రోవర్లు, నెత్తిన సామాను, మొహాన గొట్టాలు, ఒంటినిండా బురద. పేరులోనే ఉంది, సిగరెట్ పేరు. పొగాకు అమ్ముకోడానికి పుట్టిన తమాషా అది. ఆ తమాషాలో కనీసం బురద నిజం. మనం బురద తీసేసి బొమ్మ ఉంచుకుని, దానికి "పిల్లలకి ప్రకృతి పరిచయం" అని పేరు పెట్టుకున్నాం. బురదలో నిజంగా పనున్నవాడు మనకి కూతవేటు దూరంలోనే, ఉత్తర ఫింగల్ పొలాల్లో ఉన్నాడు. పాత జీపుకి గొర్రెల ట్రైలర్ తగిలించుకుని పోతుంటాడు. అతని బండి నెత్తిన గుడారం లేదు. సాయంత్రానికి ఇంటికి పోతాడు.

కారు లేకుండా ఇక్కడ గడవదంటే ఒప్పుకుంటాను. 2022 జనాభా లెక్కల ప్రకారం 40,776 మంది ఉన్న ఈ ఊరికి రైలు లేదు. 2005లో మెట్రో వేస్తామన్నారు, 2011లో అటకెక్కించారు, 2025లో మళ్ళీ అనుమతిచ్చారు. దాని మీద కోపం తెచ్చుకోండి, ఓట్లకొచ్చిన కౌన్సిలర్ని నిలదీయండి, నేనూ వస్తాను. పినక్ హిల్ రౌండబౌట్ దాటడానికి మాత్రం గోబీ ఎడారి దాటే బండి అక్కర్లేదు. ఆ ట్రాఫిక్‌లో అందరితోపాటు అదీ ఆగే ఉంటుంది, అందరికన్నా ఎక్కువ డీజిల్ తాగుతూ.

ప్రకృతి కావాలంటే వార్డ్ పార్కు చెప్పులేసుకుని నడిచి పోయేంత దగ్గర్లో ఉంది. పిల్లల్ని ఆ చీలమండ లోతు నీళ్ళలోకి వదలండి, బాతుల పక్కన వాళ్ళూ నిలబడతారు. రాత్రి గుడారంలో పడుకోవాలని ఉంటే, లైట్‌బార్ ఖరీదుకి నలుగురు పట్టే గుడారం వస్తుంది. ఏ కారు డిక్కీలోనైనా పడుతుంది. క్యాంప్‌సైట్‌లో చోటు బుక్ చేసుకుంటే బాత్రూమ్ కూడా ఉంటుంది, అత్తగారు కూడా వస్తారు. పులిహోర కలిపి తీసుకుపోతే రెండో బ్యాటరీ, ఫ్రిజ్ అక్కర్లేదు. దాన్ని పాడవకుండా ఉంచే పని చింతపండు చూసుకుంటుంది.

ఇవన్నీ మీకు తెలుసు. తెలిసీ బండికే బిగిస్తున్నారంటే మీకు కావలసింది అడవి కాదు, బొమ్మ. నలభయ్యేళ్ళొచ్చాక సొంత డబ్బుతో బొమ్మ కొనుక్కోవడం నేరమేమీ కాదు. "నాకిష్టం, కొనుక్కున్నాను" అనండి. నేనే మొదటి చప్పట్లు కొడతాను. ఆ ఇష్టాన్ని తెచ్చి పిల్లల నెత్తిన రుద్దకండి, "ఫ్యామిలీ" అని ఇంటిల్లిపాదినీ సాక్షి సంతకాలకి పిలవకండి.

పొద్దున్నే స్కూలు గేటు ముందు ఫుట్‌పాత్ మీద రెండు చక్రాలెక్కించి ఆపుతున్నారు. ముందు అది తియ్యండి. అవతల పిల్లలు రోడ్డు మీదకి దిగి నడుస్తున్నారు. మీకు కనబడటం లేదు.