లేవాల్సింది కారా, రోడ్డా?

ఇస్నాపూర్‌లో ఓ ఇంటాయన కొత్త ఎస్‌యూవీ కొన్నాడు. నెల తిరక్కుండానే దాన్ని రెండంగుళాలు లేపాలని తీర్మానించాడు.

కారణం అడిగితే గల్లీలో స్పీడ్ బ్రేకర్ చూపించాడు.

కారు కింద ఖాళీ 190 మిల్లీమీటర్లు.
ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100.
తీసివేత వచ్చినవాళ్లకు ఇంకా 90 మిగలాలి.
మిగిలింది గీత. అదీ ఆయిల్ చాంబర్ మీద!

పటాన్‌చెరు షాపులో బేరం మొదలైంది.
స్పేసర్లు చవకే, కానీ నడక మొరటు.
స్ప్రింగులు మారిస్తే షాకబ్జర్లూ మార్చాలి.
అవి మారిస్తే వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి.
చివరికి బండి లేచింది, బ్యాంకు ఖాతా కూర్చుంది.

ఇప్పుడు కింద ఏదీ తగలడం లేదు. పైకి ఎవరూ ఎక్కడం లేదు.
వాళ్లవ్వ డోరు పట్టుకుని అడిగింది: ‘‘కొడుకా, గిది కారా, అటకనా?’’
డిక్కీలో స్టెప్నీ పక్కన ఓ పీట చేరింది.
మలుపుల్లో ఊపు పెరిగింది. పిల్లల చేతికి కవర్లు వచ్చాయి.

ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 52.
రోడ్డును మార్చినవాళ్లను మాత్రం అడిగే నాథుడే లేడు.

కొసమెరుపు: వారం తిరిగేలోగా గల్లీవాళ్లు స్పీడ్ బ్రేకర్‌ను ఇంకో రెండంగుళాలు లేపారు.
ఈ మధ్య బండ్లు స్లో కావడం లేదట!